హంసపాదు పెట్టాల్సిన చోటు

అమ్మ పోయిన పదకొండో రోజు మధ్యాహ్నం, ముంగిట్లో పందిరి కింద బంతులు ఇంకా లేవకముందే, నేను పెరట్లో నూతి పళ్లెం పక్కన పీట వేసుకుని ఒక వ్యాకరణ గ్రంథం ఏడో ఫారం ప్రూఫులు దిద్దుతున్నాను. అక్క మజ్జిగ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి, కాసేపు అలాగే నిలబడి, చివరికి అడిగింది: “ఒరేయ్, నీకసలు అమ్మ పోయిందన్న బాధ ఉందట్రా?” ఆ ప్రశ్నలో కోపం లేదు. అందుకే నిజం చెప్పాలనుకుని లోపల వెతికాను, ఏమీ దొరకలేదు. “తెలియడం లేదక్కా” అన్నాను. ఆమె మరేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట పందిట్లో మా బాబాయి “వాడు రాయి, వాడికి ఏదీ అంటదు” అన్న మాట నా చెవిన పడింది. ఆ మాట కూడా నన్ను తాకలేదు. తాకనందుకు మాత్రం మొదటిసారి భయం వేసింది.

ఇది 2023 ఫిబ్రవరి నాటి సంగతి. అప్పటికి నాకు 43 ఏళ్లు. విజయవాడలో ఒక ముద్రణాలయానికి పద్దెనిమిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతూ, సత్యనారాయణపురంలో మేడ మీది ఒంటి గదిలో ఉంటున్నాను. పెళ్లి చేసుకోలేదు, చేసుకోవాలన్న కోరిక ఎప్పుడూ కలగలేదు. స్నేహితుడని చెప్పుకోదగ్గ మనిషి ఒక్కరూ లేరు, ఆ లేకపోవడం నన్ను బాధించలేదు కాబట్టి అదొక లోటని నాకు తోచలేదు. ఇంట్లోవాళ్లకూ తోచలేదు. మన ఇళ్లలో అల్లరి చేసే పిల్లవాడి గురించి బెంగపడతారు గానీ, మూల కూర్చుని చదువుకునే పిల్లవాడి గురించి ఎవరూ బెంగపడరు. నోట్లో వేలు పెడితే కొరకలేడని, బుద్ధిమంతుడని నన్ను మెచ్చుకునేవారు. పెద్దయ్యాక అదే ‘వేదాంతి’ అయింది. వైరాగ్యం అంటే దేని మీద మమకారం ఉందో ఎరిగి దాన్ని వదులుకోవడం. నాకు దేని మీద మమకారం ఉందో కూడా తెలియని స్థితి నాది. ఆ రెంటినీ ఒకటిగా చూడడం వల్లనే నా స్థితికి ‘స్కిజాయిడ్’ అన్న పేరు తెలియడం ముప్పై ఏళ్లు ఆలస్యమైందని ఇప్పుడు అనుకుంటున్నాను.

అక్క పట్టుబట్టి తీసుకెళ్లిన మొదటి వైద్యుడు, తల్లి మరణం తర్వాత వచ్చిన డిప్రెషన్ అని చెప్పి ఎస్‌సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. పైకి కనిపించేవాటిని బట్టి చూస్తే ఆయన అలా అనుకోవడంలో వింత లేదు. కానీ నాకు నిద్ర పట్టేది, ఆకలి వేసేది, పని మీద ధ్యాస చెదరలేదు, చచ్చిపోవాలన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. మూడు నెలలు మాత్రలు వేసుకున్నా మార్పు కనిపించలేదు. గుంటూరులో ఉంటున్న అక్క ఒక రాత్రి నిద్ర పట్టక, ప్రభుత్వం అంతకుముందు ఏడాది అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి, “మా తమ్ముడు ఏడవడం లేదండీ” అని చెప్పిందట. అవతలివాళ్లు తెలుగులోనే ఓపికగా విన్నారు. జబ్బు పేరేదీ చెప్పలేదు. చూడకుండా చెప్పకూడదు కూడా. సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు కూడా ఉన్నచోటికి తీసుకెళ్లమని, చిన్నతనం ఎరిగిన మనిషి ఎవరైనా వెంట ఉండాలని మాత్రం సలహా ఇచ్చారు. ఆ రెండో మాట ఎంత విలువైనదో తర్వాత తెలిసింది, ఎందుకంటే ఇలాంటి స్థితిని ఆ రోజు ఉన్న తీరును బట్టి కాక, మనిషి చిన్ననాటి నుంచి బతికిన తీరును బట్టి తేల్చాలి. నా తీరు గురించి నాకంటే అక్కకే ఎక్కువ తెలుసు.

జూలైలో చూసిన రెండో వైద్యుడు తొందరపడలేదు. ముందు థైరాయిడ్‌కూ, బి12కూ రక్తపరీక్షలు చేయించారు. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తాయా, ఎవరైనా కీడు తలపెట్టారన్న అనుమానం ఉందా అని అడిగారు; రెండూ లేవు. నాకు మాటలు ఎప్పుడు వచ్చాయి, చప్పుళ్లకు ఉలిక్కిపడేవాడినా, ఎదుటివాళ్ల ముఖం చూసి వాళ్ల మనసు గ్రహించగలిగేవాడినా అని అక్కను అడిగారు. అది ఆటిజాన్ని వేరుచేసి చూడడానికట. “వాడు అందరి ముఖాలూ చదివేస్తాడండీ, చదివి పక్కకు తప్పుకుంటాడు” అంది అక్క. చివరగా నన్ను, “ఎవరైనా మిమ్మల్ని శుభకార్యానికి పిలవకపోతే నొచ్చుకుంటారా?” అని అడిగారు. పిలవకపోతే తేలికగా ఉంటుందని, పిలిస్తేనే ఇబ్బందిగా ఉంటుందని చెప్పాను. మనుషులు కావాలనుకుంటూనే అవమానానికి జంకి దూరంగా ఉండేవాళ్లకూ, అసలు దగ్గరితనమే అక్కర్లేదన్నట్టు ఉండేవాళ్లకూ తేడా అక్కడే తెలుస్తుందని ఆయన అన్నారు. మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్‌ఎం మూడో కూర్పు 1980లో వచ్చేవరకు ఈ రెండు రకాలవాళ్లనూ విడదీసి చూడలేదట.

ఆ తర్వాత సైకాలజిస్టు మేడమ్ దగ్గర రెండు పూటలు పరీక్షలు జరిగాయి. సిరా మరకల బొమ్మలు పది చూపించారు. మనుషులున్న బొమ్మలు కొన్ని ఇచ్చి, ఒక్కొక్కదానికీ కథ చెప్పమన్నారు. నేను శ్రద్ధగానే చెప్పాను. అంతా అయ్యాక, నా కథల్లో కిటికీలూ మెట్లూ వెలుతురూ ఉన్నాయని, ఏ ఇద్దరు మనుషులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. అన్నేళ్లుగా పుటల్లో పడిపోయిన అక్షరాలను పట్టుకోవడమే వృత్తిగా బతికిన నాకు, నేను చెప్పిన కథల్లో అంత పెద్ద లోపం కనబడలేదు.

చీటీ మీద ఎఫ్ 60.1 అని రాశారు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-10లో స్కిజాయిడ్ వ్యక్తిత్వ రుగ్మతకు ఉన్న సంఖ్య. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో ఇలాంటి విడివిడి పేర్లను చాలావరకు తీసేసి, ఇబ్బంది ఎంత తీవ్రంగా ఉందో కొలిచి, ‘ఎడంగా ఉండే స్వభావం’ వంటి గుణాలను పక్కన గుర్తుపెడుతున్నారని వైద్యుడు వివరించారు. 2013 నాటి డీఎస్‌ఎం-5 ప్రకారం ఏడు లక్షణాల్లో నాలుగైనా ఉండాలి. నాలో ఐదు ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే ఒక్కొక్కదానికీ నా బతుకులో ఏదో ఒక రోజు గుర్తుకొచ్చింది. పొగడ్తా తెగడ్తా ఒకటే అనిపించడం అన్నప్పుడు ఒక పెద్దాయన గుర్తొచ్చారు. నేను ఆయన జీవితచరిత్ర ప్రూఫులు చూస్తూ తేదీల్లో మూడు తప్పులు పట్టుకున్నందుకు, ఆయన ఎండలో మా గదికి వచ్చి నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ సమయంలో నేను బల్ల మీది ముఖపత్రంలో అచ్చుతప్పు ఉందా అని చూస్తున్నాను.

పేరు వినగానే అక్క బెదిరిపోయింది, ‘స్కిజో’ అన్న ముక్క ఆమెకు స్కిజోఫ్రీనియాలోనే తెలుసు. రెండు మాటలూ జ్యూరిచ్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి ఆసుపత్రికి చెందిన మానసిక వైద్యుడు ఓయ్‌గెన్ బ్లాయిలర్ నుంచే వచ్చాయి. చీలిక అనే అర్థమిచ్చే గ్రీకు మాట రెంటిలోనూ ఉంది. అయితే స్కిజోఫ్రీనియాలో లేనివి వినిపించడం, లేనిది నమ్మడం వంటివి ఉంటాయి. స్కిజాయిడ్ మనిషికి లోకం ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది, ఆ లోకానికీ తనకూ మధ్య ఎడం మాత్రం ఉంటుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల రక్తసంబంధీకుల్లో ఇది కొంత ఎక్కువగా కనిపించవచ్చని, అంతమాత్రాన ఇది అందులోకి మారిపోతుందని అనుకోనక్కర్లేదని వైద్యుడు చెప్పేసరికి అక్క ఊపిరి పీల్చుకుంది. ఆఫీసులో తెలుస్తుందేమోనని నేను అడిగితే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నా వివరాలను గోప్యంగా ఉంచడం నా హక్కని చెప్పారు.

చదవడం అలవాటైన వాణ్ణి కాబట్టి ఆ తర్వాత నేనే కొంత చదివాను. ఎర్నెస్ట్ క్రెచ్మర్ అనే జర్మన్ వైద్యుడు 1921లోనే ఇలాంటి మనుషుల్లో మొద్దుబారినతనమూ, మితిమీరిన సున్నితత్వమూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉంటాయని గమనించాడు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. స్కాట్లాండ్‌కు చెందిన మనోవిశ్లేషకుడు రోనల్డ్ ఫెయిర్‌బేర్న్ 1940లో ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఇలాంటివాళ్లకు ప్రేమ లేదనుకోవడం పొరపాటని, తన ప్రేమే ఎదుటివాళ్లకు హాని చేస్తుందన్న భయం లోలోపల పాతుకుపోయి ఉంటుందని రాశాడు. ఇవి ఒక కాలపు సిద్ధాంతాలు; అందరికీ అతుకుతాయని నేను చెప్పను. కానీ ‘రాయి’ అన్న మాట విని నలభై ఏళ్లు దాటిన మనిషికి, లోపల రాయి కాకుండా ఇంకేదైనా ఉండవచ్చని ఒకరు రాయడం చిన్న విషయం కాదు.

ఈ స్థితికంటూ ప్రత్యేకించి మందు లేదు. వెంట డిప్రెషన్ గానీ ఆందోళన గానీ ఉంటే వాటికి మందులిస్తారు. నాకు అవి లేవని తేలాక వైద్యుడు ఎస్‌సిటాలోప్రామ్‌ను ఒక్కసారిగా ఆపకుండా వారాల తరబడి తగ్గిస్తూ ఆపించారు. మిగిలింది మాటల చికిత్స. మాటలే అలవాటు లేని మనిషికి మాటలతో చికిత్స ఎలా జరుగుతుందన్న సందేహం నాకే కాదు, ఈ స్థితిలో ఉన్న చాలామందికి కలుగుతుంది. అందుకే సగంలో మానేసేవాళ్లు ఎక్కువ.

ఆగస్టు నుంచి వారానికొకసారి, నలభై ఐదు నిమిషాలు. మేడమ్ తన కుర్చీని నాకు ఎదురుగా వేయకుండా కొంచెం పక్కకు, ఇద్దరికీ కిటికీ కనిపించేలా వేసుకునేవారు. మొదటి రోజు ఆవిడ, “మిమ్మల్ని నలుగురిలో కలిసే మనిషిగా మార్చడం నా పని కాదండీ. మీకేం కావాలో చెప్పండి” అన్నారు. జవాబు మూడో వారానికి గానీ చెప్పలేకపోయాను: “మా అక్క నన్ను చూసి భయపడకుండా ఉంటే చాలు.” ఆవిడ దాన్ని నా మాటల్లోనే రాసుకుని, చికిత్సకు అదే లక్ష్యమన్నారు. కొన్ని వారాలు ఇద్దరం సగం సమయం మౌనంగానే ఉన్నాం. ఆ మౌనాన్ని ఆవిడ పూరించడానికి ప్రయత్నించలేదు, అలాగని గడియారం కూడా చూడలేదు. నాతో ఒక మనిషి నా నుంచి ఏమీ ఆశించకుండా కూర్చోవడం నాకు కొత్త. గుంపు చికిత్సకు కూడా వెళ్లి చూడమంటే నాలుగు సార్లు వెళ్లాను. అది నాకు మరీ ఎక్కువైంది. ఆవిడతో చెప్పి మానుకున్నాను.

2024 జనవరిలో ఒక రోజు ఆవిడ, పని లేనప్పుడు మనసు ఎక్కడికి వెళుతుందని అడిగారు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. మాది కొల్లూరు దగ్గరి పల్లెటూరు. తొమ్మిదేళ్లప్పుడు నాన్న నన్ను కృష్ణలో పడవ మీద ఒక లంకకు తీసుకెళ్లాడు. అరటి తోటలు, పసుపు మళ్లు, ఒడ్డున ఒండ్రు మీద పక్షుల అడుగులు. ఇంటికొచ్చాక ఆ లంకను మనసులో మళ్లీ కట్టుకున్నాను. అప్పటి నుంచి, అంటే ముప్పై నాలుగేళ్లుగా, నాకు ఒక లంక ఉంది. దానికి వీధులున్నాయి, రేవుంది, ఏ పూట పడవ ఎప్పుడు కదులుతుందో నాకు మాత్రమే తెలుసు. పడవ నడిపే మనిషితో నేను రోజూ మాట్లాడతాను. అది కల్పన అని నాకు ఎప్పుడూ తెలుసు. అయినా నా రోజుల్లో ఎక్కువ భాగం నేనున్నది అక్కడే. దీన్ని చెప్పడానికి నాకు ముప్పై నిమిషాలు పట్టింది. చెబుతున్నంతసేపూ నా అరచేతులు చెమట పట్టి, మోకాళ్ల మీద ప్యాంటు తడిసింది.

ఆవిడ అడిగింది ఒక్కటే: “ఇప్పుడు పడవ నడుస్తోందా?”

నడవడం లేదు. చాలాకాలంగా నడవడం లేదు. ఎప్పటి నుంచి అని అడిగితే, నోరు తెరిచాక గానీ నాకే తెలియలేదు: అమ్మ పోయిన దగ్గర నుంచి. ఆమె రేవులో గట్టు మీద, భుజం చుట్టూ కొంగు కప్పుకుని నిలబడి ఉంది. ఆమెను ఎక్కించుకోకుండా పడవ తీయడానికి అతను ఒప్పుకోవడం లేదు, ఎక్కితే ఆమె తిరిగి రాదు కాబట్టి నేనూ తీయమనడం లేదు. పదకొండు నెలలుగా లంకలో ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. నేను ఏడ్చానో లేదో నాకు సరిగ్గా గుర్తులేదు; బల్ల మీది మంచినీళ్ల సీసాను మేడమ్ నా వైపు జరపడం గుర్తుంది.

మరుసటి వారం నేను వెళ్లలేదు. ఆ పై వారమూ వెళ్లలేదు. మొత్తం తొమ్మిది వారాలు. ఆ గది ఉన్న వీధిలోంచి నడవడం కూడా మానేశాను. నా లోపలి చోటు ఒకరికి తెలిసిపోయిందన్న ఆలోచనకే ఊపిరి ఆడనట్టు ఉండేది. అమ్మ మొదటి సంవత్సరీకానికి ఊరికి వెళ్లి, కార్యక్రమం కాగానే బస్సెక్కి వచ్చేశాను. ఏప్రిల్‌లో మేడమ్ నుంచి ఒక చిన్న సందేశం వచ్చింది, ఆ సమయం నా కోసం ఖాళీగానే ఉందని, కారణం చెప్పనక్కర్లేదని. తిరిగి వెళ్లాక ఆవిడ నన్ను మందలించలేదు. హ్యారీ గన్‌ట్రిప్ అనే బ్రిటిష్ చికిత్సకుడు దీన్ని లోపలికి రావడం, బయటికి పోవడంగా వర్ణించాడని, దగ్గరైతే మింగేస్తారన్న భయమూ, దూరమైతే ఎవరూ మిగలరన్న భయమూ మనిషిని అలా తిప్పుతాయని చెప్పారు. చికిత్స మధ్యలో మానేసినవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగేది ఇది: నా విషయంలో ఆ తొమ్మిది వారాలు చికిత్సకు బయట లేవు.

ఆ తర్వాతి కాలంలో నాకు బాగా ఉపయోగపడిన పద్ధతి నా వృత్తి నుంచే వచ్చింది. వాక్యంలో ఒక పదం పడిపోతే ఆ చోట వరుస కింద హంసపాదు పెట్టి, పడిపోయిన పదాన్ని అంచులో రాస్తామని ఒకసారి ఆవిడకు చెప్పాను. అప్పుడు ఆవిడ, రోజూ రాత్రి ఆ రోజు మనుషులతో జరిగిన మాటలను ఉన్నవి ఉన్నట్టు ఒక పుటలో రాయమని, ఎక్కడ ఏదో పడిపోయిందనిపిస్తుందో అక్కడ హంసపాదు పెట్టమని అన్నారు. అంచులో ఏం రాయాలో వెంటనే తోచకపోతే ఖాళీగా వదలమన్నారు. మొదటి నెల నా పుటల్లో హంసపాదులే గానీ అంచులో మాటలు లేవు. సెప్టెంబరులో అక్క ఫోన్ చేసి మేనకోడలికి డెంగీ అని, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని చెప్పింది. నేను “సరే, డాక్టరు చెప్పినట్టు చేయండి” అన్నాను. ఆ రాత్రి ‘సరే’ పక్కన హంసపాదు పెట్టాను. రెండు రోజుల తర్వాత, ఒక శతకం ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ, కలం ఆపి ఆ పుట తీసి అంచులో ‘భయమేసింది’ అని రాశాను. నాలో భావాలు లేకపోవడం కాదు, ఆలస్యంగా రావడమని, వచ్చేసరికి ఎదుటి మనిషి వెళ్లిపోయి ఉంటారని ఆ పుట చూసినప్పుడు నాకు అర్థమైంది.

అక్కకు ఫోన్ చేశాను. “మొన్న నువ్వు పాప సంగతి చెప్పినప్పుడు నాకు భయమేసిందక్కా. అప్పుడు చెప్పడం తెలియలేదు.” అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, “ఇవాళ పెరిగాయిరా ప్లేట్‌లెట్లు. ఇడ్లీ తింది” అంది.

ఇప్పుడు రెండు నెలలకొకసారి మేడమ్ దగ్గరకు వెళుతున్నాను. నేను ఇప్పటికీ ఒంటరిగానే ఉంటున్నాను, అలా ఉండడం నాకు ఇష్టం కూడా. దాన్ని ఎవరూ జబ్బుగా చూడనక్కర్లేదు. మేడమ్ ఒకసారి అక్కనూ బావగారినీ పిలిపించి మాట్లాడినప్పుడు, నన్ను పిలిచేటప్పుడు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పమని, మధ్యలో లేచి వెళ్లినా ఆపొద్దని చెప్పారు. అది చిన్న మార్పే, కానీ దాని వల్ల వెళ్లగలుగుతున్నాను. మేనకోడలి నిశ్చితార్థంలో గంటసేపు తాంబూలాల దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత ఆ అమ్మాయే వచ్చి, “మావయ్యా, మేడ మీద గది తాళం తీసి పెట్టాను” అని చెప్పింది.

2025లో అమ్మ తద్దినానికి ఊరికి వెళ్లినప్పుడు, సాయంత్రం అక్కను వెంటబెట్టుకుని రేవు దాకా నడిచాను. గట్టు మీద కూర్చున్నాక లంక గురించి చెప్పాను. తొమ్మిదేళ్లప్పటి నుంచి, మొత్తం. ఆమె మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా అయ్యాక, “అమ్మ పడవెక్కిందట్రా?” అని అడిగింది.

ఇంకా ఎక్కలేదని చెప్పాను. పడవ మాత్రం మళ్లీ నడుస్తోందని, ఆమె కావాలన్నప్పుడు ఎక్కవచ్చని చెప్పాను. అక్క కొంగు భుజం చుట్టూ కప్పుకుని నీళ్ల వైపు చూస్తూ కూర్చుంది. చీకటి పడేవరకు మేమిద్దరం అక్కడే ఉన్నాం.